‘ఆడంగి’ అంటే అసలు అర్థం ఏంటి? పేడి, వాజమ్మ, ఆడంగి మూడూ ఒకటేనా?

తెరవెనక:
అందరికీ నమస్కారం. సంక్రాంతికి మా ఊళ్లో కుర్రాళ్లం కలిసి ఉత్తర గోగ్రహణం ఘట్టం నాటకంగా వేస్తున్నాం. పద్యాలు రెండో మూడో ఉంచి మిగతాదంతా మామూలు మాటల్లోకి మార్చే పని నా నెత్తిన పడింది. బృహన్నలని సారథిగా తీసుకెళ్లమని సైరంధ్రి చెప్పినప్పుడు ఉత్తరకుమారుడు నసుగుతాడు కదా, అక్కడ "ఈ ఆడంగిని రథం మీద ఎక్కించుకుని పోతే నా పరువేం కావాలి" అని రాయమని మావాళ్లు పట్టుబడుతున్నారు. ఒక పెద్దాయనేమో ఆడంగి కాదురా, పేడి అనాలి అన్నాడు. ఇంకొకాయన వాజమ్మ అని రాయండి, జనం నవ్వుతారు అన్నాడు. మూడూ ఒకటేనా, తేడా ఉందా? ఆడంగి అనేది బూతు కింద లెక్కా? ముందు వరసలో ఆడవాళ్లు, చిన్నపిల్లలు కూర్చుంటారు, అదీ నా టెన్షన్.

మీసాల_మొనగాడు:
ఆడంగి అంటే ఆడంగే బ్రో. మగాడిలా లేనోడు. దీనికి డిక్షనరీ ఎందుకు, రాసెయ్.

పాతపుస్తకాలపురుగు:
రాసేయొచ్చు గానీ ఆ మూడూ మూడు దారుల్లో వచ్చిన మాటలు బాబూ.

ఆడంగులు అంటే ఒకప్పుడు తిట్టే కాదు, ఆడవాళ్లు అని అర్థం, అంతే. "ఆడంగులంతా ముందు బండ్లో బయల్దేరారు" అని పాతకాలం వాళ్లు మామూలుగా అనుకునేవారు, పాత కథల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. బహువచనంలో ఆడవాళ్ల గురించి అన్నంతసేపూ అది మర్యాదైన మాటే, దాన్నే ఏకవచనం చేసి మగవాడికి అంటగట్టగానే తిట్టయింది. ఆ తిట్టు కూడా శరీరం గురించి కాదు. నడక, చేతులు తిప్పుతూ మాట్లాడటం, ఏడవటం, పదిమందిలో నోరెత్తకపోవడం, ఇంట్లో భార్య మాట వినడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఊరు ఆ మాట అనేస్తుంది.

పేడి అలా కాదు. అది శరీరాన్ని బట్టి వచ్చిన మాట. ఆడా మగా కాని మనిషి అని. తిక్కన విరాటపర్వంలో బృహన్నలకు వాడింది ఇదే, అంటే 13వ శతాబ్దం నాటికే ఉంది. గడ్డం మీసం సరిగ్గా రానివాణ్ణి పేడిమూతి వాడు అనడం మా చిన్నప్పుడు వినేవాళ్లం. సంస్కృతంలో అయితే అమరకోశం ఒకే వరసలో తృతీయాప్రకృతి, షండుడు, క్లీబుడు, పండుడు, నపుంసకుడు అని చెప్పి ఊరుకుంటుంది, అక్కడ వెక్కిరింత లేదు. మనుషుల్లో ఇలాంటివాళ్లూ ఉంటారు, వాళ్లకు పేర్లు ఇవీ అన్నట్టు ఉంటుంది.

వాజమ్మ అంటే వట్టి చేతకానివాడు, పిరికివాడు. దద్దమ్మకు తోడబుట్టినది. ఆడతనంతో దానికున్న చుట్టరికం చివర్న ఉన్న ‘అమ్మ’ వరకే.

తెరవెనక:
గురువుగారూ, చాలా థాంక్స్. మరి నాటకంలో ఏది పెట్టమంటారు?

వంటింటి_రెబల్:
ఆగండి ఆగండి, ఆ ‘అమ్మ’ దగ్గర ఒక్క నిమిషం. చేతకాని మగాణ్ణి తిట్టడానికి దద్దమ్మ, వాజమ్మ. భయపడితే ఆడంగి. ఏడిస్తే "ఆడపిల్లలా ఏడుస్తావేంట్రా". ఇక పొద్దున లేచింది మొదలు అందరి నోటా ఆడే వెధవ ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎప్పుడైనా ఆలోచించారా? విధవ! మొగుడు పోయిన మనిషి పేరు పట్టుకెళ్లి మగాడికి తిట్టు చేశారు. అదే వెధవ మళ్లీ ముద్దుగా కూడా వాడతాం, "చిన్నవెధవ ఎంత ముద్దొస్తున్నాడో" అని. మగాణ్ణి తిట్టాలంటే ఆడవాళ్ల దగ్గర అప్పు తెచ్చుకోవాల్సిందేనా, మీ మగాళ్లలో సొంతంగా తిట్టుకు పనికొచ్చే గుణమే లేదా ఏంటి?

మీసాల_మొనగాడు:
ఉన్నాయిగా అక్కా. చవట, సన్నాసి, వెంగళప్ప.

వంటింటి_రెబల్:
చవటనేల అంటే ఉప్పు పేరుకుపోయి ఏదీ పండని భూమి. సన్నాసి అంటే సంసారం వదిలేసినవాడు. అంటే ఇవి రెండూ "పనికిరాడు" అనే తిట్లు తమ్ముడూ, "మగాడు కాదు" అనే తిట్లు కావు. ఆ రెండో రకం తిట్టాలన్నప్పుడు మాత్రం మేము గుర్తొస్తాం.

పాలమూరు_మల్లన్న:
మా దిక్కు ఆడంగి తక్కువే వింటాం అక్కా. సాతగానోడు అంటారు, అంటే చేతకానివాడే. ఇంకా కోపం వస్తే "మొగోనివేనా నువ్వు" అని అడుగుతారు, అది ప్రశ్నే గానీ జవాబు కోసం కాదు. కానీ ఇంకో సంగతి చెప్పాలి, "చేతులకు గాజులు తొడుక్కొని కూసున్నవా" అనేది ఆంధ్ర, తెలంగాణ, సీమ అని లేకుండా అందరి నోటా ఉంది. ధర్నాలు జరిగితే ఆఫీసర్ల టేబుళ్ల మీద చీర, గాజులు పెట్టి ఫొటోలు దిగుతారు చూడు, విచిత్రం ఏంటంటే అక్కడ గాజులు ఇచ్చేది ఎక్కువగా మహిళా విభాగం వాళ్లే. తమ చేతులకు ఉన్నవే తీసి, ఇది చేతకానితనం గుర్తు అని వాళ్లే చెప్తున్నట్టు కదా!

వంటింటి_రెబల్:
మల్లన్నా, ఆ ఫొటో ఎప్పుడు చూసినా నాకు ఒళ్లు మండుతుంది. గాజులు వేసుకున్న చేతులతోనే నాట్లేస్తారు, ఇటుకలు మోస్తారు, బీడీలు చుడతారు.

బళ్లారి_బాబు:
పేడి గురించి ఒక మాట. మేము బళ్లారి తెలుగువాళ్లం, ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. కన్నడంలో హేడి అంటే పిరికివాడు, చాలా మామూలు మాట, చిన్నపిల్లలు కూడా ఆటల్లో ఒకళ్లనొకళ్లు అనుకుంటారు. తెలుగు ‘ప’ కన్నడంలో ‘హ’ అవుతుంది కదా, పాలు హాలు, పులి హులి, పువ్వు హూవు, పల్లి హళ్లి, ఆ లెక్కన పేడి హేడి అన్నమాట. తమిళంలో పేడి అలాగే ఉంది, అక్కడ రెండర్థాలూ ఉన్నాయి, మూడో ప్రకృతి మనిషి అనీ, పిరికివాడు అనీ. అంటే ఒకే మాట తెలుగులో శరీరం దగ్గరే ఆగిపోయింది, కన్నడంలో ఆ సంగతి జనం మర్చిపోయి పిరికితనం ఒక్కటే మిగిల్చుకున్నారు. హేడి అన్నవాణ్ణి "నువ్వు అసలు ఏమన్నావో తెలుసా" అని అడిగితే వాడికి తెలియదు.

పాతపుస్తకాలపురుగు:
బాగా చెప్పారు. బరో, ఎమెనో ద్రావిడ నిఘంటువులో కూడా ఇవన్నీ ఒకే కుటుంబం కింద పెట్టారు, తమిళం పెణ్, కన్నడం హెణ్ణు, మన పెంటి, పెట్ట, వాటి పక్కనే ఈ పేడి. కోడిపెట్టలో ఉన్న పెట్ట ఇదే. కాబట్టి మన రెబల్ గారి వాదన ఇక్కడా నిలబడుతుంది, పేడి మూలం కూడా ఆడ అనే మాటే.

మీసాల_మొనగాడు:
అయ్యో రామా, అందరూ కలిసి మగాళ్లని వేసుకుంటున్నారు. మగతనం అనేది ఒక మంచి గుణం గురువుగారూ. ధైర్యం, మాట మీద నిలబడటం, ఇంటిని పోషించడం. అది లేనివాడికి ఒక మాట ఉంటే తప్పేంటి? గీతలో కృష్ణుడే అర్జునుణ్ణి క్లైబ్యం వదలమన్నాడు. దేవుడే అన్నాక మనం అంటే తప్పా?

పాతపుస్తకాలపురుగు:
రెండో అధ్యాయం మూడో శ్లోకం, "క్లైబ్యం మా స్మ గమః పార్థ". నిజమే, అన్నాడు. కానీ ఎవరితో అన్నాడో చూడండి. అంతకు కొన్ని నెలల ముందు దాకా విరాటుడి కొలువులో ఏడాదిపాటు అక్షరాలా క్లీబుడి రూపంలో ఉన్నవాడితో. ఆ రూపంలో ఉన్నప్పుడు కౌరవసేననంతటినీ ఒక్కడే తరిమాడు. పూర్తి మగవాడిగా, గాండీవం చేతబట్టి, కృష్ణుణ్ణి సారథిగా పెట్టుకుని కురుక్షేత్రంలో నిలబడ్డప్పుడేమో చేతులు వణికాయి, అప్పుడు పడింది ఆ మాట. కాబట్టి క్లైబ్యం అక్కడ చీరకూ జడకూ సంబంధించింది కాదు, చేయవలసిన పని ముందు జావగారిపోవడం.

ఇంకో సంగతి. మీరు చెప్పిన మంచి గుణానికి తెలుగువాడు నోటితో వాడే మాట మగతనం కాదు, పౌరుషం. పురుష నుంచే వచ్చినా ఆడవాళ్లకూ వాడేస్తాం. "దానికి పౌరుషం ఎక్కువ, పిలవకపోతే పెళ్లికి రాదు" అంటాం, ఎవరికీ తేడాగా వినిపించదు. ఉప్పూకారం తిన్న ఎవరికైనా పౌరుషం ఉంటుంది. పాత కవులు శౌర్యానికి మగటిమి అనేవారు, ఆ మాట పోయింది. మిగిలిన మగతనం ఇప్పుడు ఎక్కడ కనిపిస్తుందంటే...

పాలమూరు_మల్లన్న:
గోడల మీద. రైల్వే స్టేషన్ దగ్గరకొస్తున్నప్పుడు. ఫోన్ నంబరుతో సహా.

పాతపుస్తకాలపురుగు:
ఆ, అదే చెప్పబోతున్నాను.

నల్లకోటు:
కోర్టులో రోజూ ఈ గందరగోళం చూసేదాన్ని, అందుకే చొరబడుతున్నాను. జనం నపుంసకుడు అనే ఒక్క మాట కింద కనీసం మూడు సంగతులు కలిపేస్తారు. ఒకటి, సంసారానికి పనికిరాకపోవడం. హిందూ వివాహ చట్టం 1955, సెక్షన్ 12 ప్రకారం దానివల్ల కాపురమే జరగకపోతే పెళ్లి రద్దు చేయమని అడగొచ్చు. రెండు, పిల్లలు పుట్టకపోవడం. ఇది వేరే సంగతి, కాపురం సవ్యంగా ఉండి కూడా వీర్యంలో కణాలు తక్కువై పిల్లలు కలగని మగవాళ్లు బోలెడుమంది, సెక్షన్ 12 వాళ్ల గురించి కాదు. మూడు, మాటా నడకా మెత్తగా ఉండటం. దీనికీ పై రెండింటికీ ఏ సంబంధమూ లేదు. ఆరుగురు పిల్లల తండ్రి మెత్తగా మాట్లాడొచ్చు, బుర్రమీసాల పహిల్వాను డాక్టరు దగ్గర తలొంచుకుని కూర్చోవచ్చు. కోపంలో భార్యగానీ అత్తమామలుగానీ నపుంసకుడు అనేస్తారు, వాళ్ల ఉద్దేశం "ఇంటి ఖర్చు పట్టించుకోడు" అని, అవతలివాడు పరువునష్టం కేసు అంటాడు. ఆ తర్వాత సంవత్సరాల తరబడి ఆ ఒక్క మాట అర్థం మీద వాదనలు.

వంటింటి_రెబల్:
లాయరమ్మా, ఆ రెండోదానికి ఊళ్లో మగాడికి పేరే లేదు గమనించారా? పిల్లలు లేకపోతే ఆవిడ గొడ్రాలు. ఆయన? ఆయన పాపం, ఆవిణ్ణి కట్టుకున్నవాడు. ఇంకో పెళ్లి చేసుకోమని సలహా కూడా ఇస్తారు. లోపం ఆయనలో ఉందేమో అని ముందు ఆయనకు పరీక్ష చేయించిన ఇల్లు మా చుట్టాల్లో నాకైతే కనపడలేదు.

నల్లకోటు:
పరీక్షకు రమ్మంటేనే మగతనం మీద మచ్చ అనుకుంటారు. అక్కడే సగం కేసులు పుడతాయి.

మోడరేటర్:
రెండు పోస్టులు తీసేశాను. హిజ్రాలను ఉద్దేశించి వీధిలో వాడే ‘క’, ‘మా’ మాటలు, ‘తేడాగాడు’, ‘పాయింట్ ఫైవ్’ లాంటివి ఇక్కడ వద్దు. మాట అర్థం చర్చించడం వేరు, దాన్ని ఇంకో సభ్యుడి మీద విసరడం వేరు.

చాందిని:
ఇందాకటి నుంచి చదువుతున్నాను, ఇంక రాయకుండా ఉండలేకపోయాను. నేను హైదరాబాద్‌లో ఉంటాను, ట్రాన్స్ మహిళని. మీరంతా పండితుల్లా పేడి, షండుడు అని చర్చిస్తుంటే నవ్వొచ్చింది, ఆ మాటలు మమ్మల్ని ఎవరూ అనరు కాబట్టి అవి మాకు తగలవు. మోడరేటర్ గారు తీసేసిన మాటలే తగులుతాయి. ఆడంగి మాత్రం నాకు బాగా తెలుసు, బడిలో నా అసలు పేరు కంటే ఎక్కువసార్లు విన్నాను. అప్పట్లో అది నన్ను తిట్టడానికి వాడారు గానీ, నిజానికి వాళ్లు చెప్పింది తప్పు కాదు, నేను ఆడపిల్లనే, వాళ్లకు నాకంటే ముందు తెలిసిందంతే. అందుకే ఆ మాటకు ఇప్పుడు నాకు కోపం రాదు. కోపం ఎక్కడొస్తుందంటే, పేపర్లలో మా గురించి ‘బృహన్నలలు’ అని రాసి అది గౌరవం అనుకున్నప్పుడు. అర్జునుడిది ఊర్వశి శాపం, ఏడాది గడువు, అయిపోగానే విల్లు పట్టుకుని మగాడైపోయాడు. మాది శాపం కాదు, గడువు లేదు, వేషం అంతకంటే కాదు.

మీ తెలంగాణ పెద్దలకు ఎంతమందికి తెలుసో గానీ, నిజాం కాలంలో 1329 ఫసలీలో, అంటే 1919లో, మా మీద ఒక చట్టం తెచ్చారు. మా పేర్లు రిజిస్టర్‌లో రాయాలి, ఆడబట్టలతోనో నగలతోనో బజార్లో కనిపించినా, పాటలు పాడినా, ఆట ఆడినా వారంట్ లేకుండా పట్టుకెళ్లొచ్చు, రెండేళ్ల దాకా జైలు. ఆ చట్టం పుస్తకాల్లోంచి ఎప్పుడు పోయిందో తెలుసా? 2023 జులైలో, తెలంగాణ హైకోర్టు కొట్టేస్తే పోయింది. 2014లో సుప్రీంకోర్టు నల్సా తీర్పులో మమ్మల్ని మూడో జెండర్‌గా గుర్తించిన తొమ్మిదేళ్లకు. చట్టం పేరులోనే యూనక్, అంటే నపుంసకుడు, అని ఉండేది. మీరు అర్థం వెతుకుతున్న మాటకు ప్రభుత్వం రాసుకున్న అర్థం అది, అరెస్టు చేయదగ్గ మనిషి అని.

తెరవెనక:
చాందిని గారూ, ఈ చట్టం సంగతి నాకు అసలు తెలియదు. నాటకం విషయంలో మీరేమంటారు, బృహన్నల పాత్ర మేము ఎలా వేస్తే మీకు బాగుంటుంది?

చాందిని:
నడుము తిప్పుతూ, చప్పట్లు కొడుతూ నడిపించకండి. ప్రతి కామెడీ స్కిట్‌లో అదే. ఆయన ఉత్తరకు నాట్యం నేర్పిన గురువు, గురువులా నడవమనండి. ఉత్తరుడు ఏం తిట్టినా నాకు అభ్యంతరం లేదు, వాడు ఎలాగూ పరువు పోగొట్టుకుంటాడు.

మీసాల_మొనగాడు:
ఆ చట్టం విషయం దారుణం అక్కా, ఒప్పుకుంటా. కానీ నేను చెప్పేది మామూలు మగపిల్లల గురించి. మా అక్క కొడుకు రోజంతా వంటింట్లో, అమ్మమ్మ పక్కన. కాస్త గట్టిగా పెంచమంటే తప్పా?

వంటింటి_రెబల్:
వంట ఆడంగితనం ఎప్పుడైంది తమ్ముడూ? బాగా వండితే "నలభీమపాకం" అంటావు గానీ "దమయంతీ ద్రౌపదీ పాకం" అంటావా? ఇదే విరాటపర్వంలో భీముడు ఏడాదంతా వలలుడనే పేరుతో గరిటె తిప్పాడు, వాణ్ణి ఎవడూ ఆడంగి అనలేదు. పెళ్లిళ్లలో గాడిపొయ్యి దగ్గర చెమటలు కక్కేదంతా మగవాళ్లే. డబ్బులొచ్చే వంట మగతనం, ఇంట్లో వంట ఆడంగితనం, అంతేగా లెక్క?

ఇంకోటి చూడు. మగపిల్లాడిలా చెట్లెక్కే ఆడపిల్లని "మగరాయుడు" అంటారు. మందలింపే, కానీ అన్నవాళ్ల మొహంలో ఎక్కడో చిన్న గర్వం కూడా ఉంటుంది, "మా పెద్దది మగరాయుడిలా అన్నీ చూసుకుంటుంది" అని చుట్టాల దగ్గర చెప్పుకుంటారు కూడా. ఆడపిల్లలా ముగ్గులేసే అబ్బాయిని "మావాడు ఆడంగి" అని గర్వంగా చెప్పుకున్న తండ్రిని చూపించు.

తిరుపతి_లడ్డు:
రెబల్ అక్కా, గర్వంగా చెప్పుకునే వారం ఒకటుంది, మా తిరుపతికి రండి. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర. మొక్కుకున్న మగవాళ్లు చీర కట్టి, జాకెట్ వేసి, పూలు, నగలు, బొట్టు అన్నీ పెట్టుకుని గుడికి వస్తారు. ఆటో డ్రైవర్లు, షాపు ఓనర్లు, కాలేజీ కుర్రాళ్లు, చంకలో పసిపిల్లల్ని ఎత్తుకున్న తండ్రులు. చీర కట్టేది వాళ్ల అమ్మలో పెళ్లాలో, పిన్నులు పెట్టి సరిచేసేది వాళ్లే. ఆ వారంలో ఎవడైనా ఎవణ్ణయినా ఆడంగి అన్నాడా, మా నాయనమ్మ చీపురు తిరగేస్తుంది.

కథ కూడా తమాషాగా ఉంటుంది. ఊళ్లో ఆడవాళ్లను చెరబట్టే పాలెగాడు ఒకడు, గంగమ్మ వాణ్ణి చంపడానికి వస్తే భయపడి దాక్కుంటాడు. అమ్మవారు రోజుకో వేషం వేసి వెతుకుతుంది, బైరాగి, బండ, తోటి అని. చివరికి దొర వేషం కడితే, తన దొరే వచ్చాడనుకుని వాడు బయటికొస్తాడు, అప్పుడు తల నరికేస్తుంది. అంటే అమ్మవారు మగవేషం వేసింది, మగవాళ్లు అమ్మవారి కోసం ఆడవేషం వేస్తారు. ఆ కథలో మీసాలుండి దాక్కున్నది ఒక్కడే, పాలెగాడు.

బళ్లారి_బాబు:
మా పక్కన ఆదోని మండలం సంతేకుడ్లూరులో కూడా ఉంది. హోలీకి మగవాళ్లు చీరలు కట్టుకుని రతీ మన్మథులకు పూజ చేస్తారు. ఉద్యోగాలకని ఊరొదిలి వెళ్లినవాళ్లు కూడా ఆ పూటకు చీర కట్టడానికే తిరిగొస్తారు.

పాలమూరు_మల్లన్న:
అది మొక్కు కాబట్టి చెల్లుతుంది. మర్నాడు మామూలు రోజున అదే చీరతో బజారుకు రమ్మను చూద్దాం.

చాందిని:
అదీ మాట.

పాతపుస్తకాలపురుగు:
మల్లన్న గారన్నది నిజం, మనకు ఎప్పుడూ ఒక గడువు కావాలి, జాతరో, నాటకమో, అజ్ఞాతవాసమో. కూచిపూడిలో కొన్ని వందల ఏళ్లు ఆడవేషాలన్నీ మగవాళ్లే వేశారు. వేదాంతం సత్యనారాయణ శర్మగారి సత్యభామ జడ విసురు చూడటానికి జనం విరగబడేవారు, 1970లో పద్మశ్రీ ఇచ్చారు. అంతకు ముందే 1956లో స్థానం నరసింహారావు గారికి వచ్చింది, ఆయనా రంగస్థలం మీద ఆడవేషాలకే పేరు. వాళ్లను ఆడంగి అనే ధైర్యం ఎవరికీ లేకపోయింది. అదే ఊళ్లో, అదే కాలంలో, మామూలు మనిషి అలా చెయ్యి తిప్పితే ఊరుకునేవారా?

సరే, తెరవెనక గారి ప్రశ్న మర్చిపోయాం. నన్నడిగితే పేడి వాడండి. రెండు కారణాలు. ఒకటి, అది ఆ పాత్రకు తిక్కన కాలం నుంచీ ఉన్న మాట. రెండు, ఈనాడు ఆ మాటను ఎవరి మీదా విసరడం లేదు కాబట్టి ముందు వరసలో కూర్చున్న ఏ పిల్లాడూ మర్నాడు బడిలో దాన్ని ఇంకొకడి మీద ప్రయోగించడు.

ఇంకొక సంగతి కూడా చూసుకోండి. కథలో ఉత్తరుడు బృహన్నలను ఎదురుగా తిట్టడు. తన నోటితో అడగడానికి మొహమాటపడి చెల్లెలు ఉత్తరను పంపుతాడు. ఆ పిల్ల వెళ్లి గురువుగారిని ఒప్పిస్తుంది, వచ్చేటప్పుడు మా బొమ్మపొత్తికలకు, అంటే ఆడుకునే బొమ్మలకు, కౌరవుల మంచి మంచి బట్టలు పట్టుకురమ్మని కూడా అడుగుతుంది. ఎంత ముచ్చటైన ఘట్టం, దయచేసి అది కొట్టేయకండి. అసలు తిట్టు పడేది తర్వాత, విరాటుడి నోట. నా కొడుకు కౌరవుల్ని గెలిచాడని రాజు పాచికలాడుతూ పొంగిపోతుంటే, కంకుభట్టు వేషంలో ఉన్న ధర్మరాజు "బృహన్నల సారథిగా ఉంటే గెలవక ఏం చేస్తాడు" అంటాడు. నా కొడుకుతో సమానంగా ఒక పేడిని పొగుడుతావా అని రాజు పాచిక తీసి మొహాన కొడతాడు, ముక్కు నుంచి నెత్తురు. సైరంధ్రి ఆ నెత్తురు కింద పడకుండా పాత్ర పడుతుంది. మీ ఆడంగి డైలాగు మొత్తం అక్కడికి మార్చండి, ఆ ఒక్క మాట మీదే దృశ్యం నడుస్తుంది, ఎందుకంటే పారిపోబోయిన మగకొడుకు సంగతి చూసేవాళ్లకు అప్పటికే తెలుసు, రాజుకే తెలియదు.

మీసాల_మొనగాడు:
ఇది మాత్రం అదిరింది గురువుగారూ. రథం దిగి పారిపోయే ఉత్తరుడి సీను పెట్టండి, కేక. ఉత్తరకుమార ప్రగల్భాలు అనడమే గానీ ఈ పాచికల సంగతి నేనెప్పుడూ వినలేదు.

నల్లకోటు:
ఆ పారిపోయే సీనులో ఇంకోటి ఉంది. వాణ్ణి పట్టుకోవడానికి బృహన్నల జడ ఊగుతుండగా, ఎర్రచీర గాలికెగురుతుండగా వెనక పరిగెడుతుంటే కౌరవ సైనికులు ముందు పగలబడి నవ్వుతారు. తర్వాత పెద్దవాళ్లకు అనుమానమొస్తుంది, రూపం పేడిది గానీ ఆ మెడ, ఆ భుజాలు అర్జునుడివిలా ఉన్నాయే అని. నవ్వు ఆగిపోయేది అక్కడ. స్టేజి మీద బాగా పండుతుంది.

తెరవెనక:
అందరికీ ధన్యవాదాలు. మావాళ్లతో రాత్రి మాట్లాడాను. పేడి ఖాయం, విరాటుడి నోట రెండుసార్లే, ఉత్తరుడు నసుగుతాడు అంతే. బొమ్మపొత్తికల సీను మా చెల్లెలు చేస్తానంది. చప్పట్ల నడక తీసేశాం, ఆ వేషం వేసేవాడు కొంచెం అలిగాడు, అదొక్కటే నవ్వొచ్చే చోటు అన్నాడు. సైనికుల నవ్వు సీను చెప్పాక సర్దుకున్నాడు. ఇప్పుడు కొత్త సమస్య, మీసం తీయనంటున్నాడు. ఫిబ్రవరిలో పెళ్లి చూపులట.

తిరుపతి_లడ్డు:
జాతరలో మా వాళ్లు మీసాలతోనే చీర కడతారు, ఎవరూ ఏమీ అనుకోరు. కానీ నాటకంలో కౌరవులు గుర్తుపట్టేస్తారు.

వంటింటి_రెబల్:
సంక్రాంతికి తీస్తే ఫిబ్రవరికి వచ్చేస్తుంది, చెప్పండి.

పాలమూరు_మల్లన్న:
మా ఊర్ల వానలు పడకపోతే విరాటపర్వం చదివిస్తారు. సంక్రాంతికి వేస్తున్నారు, కళ్లాల మీద వడ్లున్నాయేమో చూసుకోండి.

తెరవెనక:
హహ, మా దగ్గర కోతలు అప్పటికి అయిపోతాయి అన్నా. ఒక్క ఆఖరి సందేహం, ముక్కు నుంచి నెత్తురు ఎలా చూపించాలి? కుంకుమ నీళ్లు అనుకుంటున్నాం. సైరంధ్రి కట్టేది మా వదిన పట్టుచీర.

వంటింటి_రెబల్:
కుంకుమ పట్టుచీరకి అంటితే ఇంక పోదు బాబూ, మీ వదిన మిమ్మల్ని ఏ మాట అంటుందో దానికి ఇంకో చర్చ పెట్టుకోవాలి. బీట్‌రూట్ రసంలో కాస్త మైదా కలిపి చిక్కగా చేయండి, అదీ మరక చేస్తుంది కాబట్టి వదినకు నూలుచీర కట్టండి. అజ్ఞాతవాసంలో ఉన్న దాసికి పట్టుచీర ఎక్కడిది అసలు!